ఎలాగూ విప్పాం కదా!

పాత స్పోర్ట్స్ కారుకి ఇంజన్ పని చేయించినవాళ్ళను డబ్బంతా ఎక్కడ పోయిందని అడగండి. కొందరు స్పేర్ పార్టుల ధరలంటారు, ఇంకొందరు మెకానిక్ కూలి అంటారు. కాస్త కూర్చోబెట్టి బిల్లు మొత్తం చదివిస్తే అసలు దొంగ బయటపడతాడు. ఆ దొంగ పేరు "ఎలాగూ విప్పాం కదా!" ఎలాగూ విప్పాం కదా, క్లచ్ కూడా మార్చేద్దాం. ఎలాగూ విప్పాం కదా, సైలెన్సర్ కొత్తది వేసేద్దాం. ఎలాగూ విప్పాం కదా, ఇంజన్ పైన రేకులన్నిటికీ పౌడర్ కోటింగ్ కొట్టించేద్దాం. ఇంటికి సున్నం వేయించబోయి గచ్చంతా తవ్వించుకున్నట్టు, వాల్వుల పనికని దించిన ఇంజన్ నెలల తరబడి బల్ల మీదే ఉండిపోతుంది.

చిక్కేమిటంటే, ఆ మాట అన్నిసార్లూ తప్పు కాదు. కొన్ని పనుల దగ్గర అంతకంటే తెలివైన మాట లేదు. అది ఎక్కడ తెలివి, ఎక్కడ దుబారా అన్నది విడదీయడం నేర్చుకుంటే చాలు, ఈ అధ్యాయం పని అయిపోయినట్టే. ఆ విడదీయడాన్ని వాల్వుల పని నేర్పినంత బాగా మరేదీ నేర్పదు.

ఉదాహరణకి ఒకే కారు తీసుకుందాం: గాలితో చల్లబడే పోర్షే 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మొదటిసారి కనిపించిన ఈ కారు 1998 దాకా అదే పద్ధతి ఇంజన్‌తో వచ్చింది. అందులో 1978-83 నాటి 911 ఎస్‌సీ, 1984-89 నాటి కరేరా 3.2 గురించే ఇక్కడ ముఖ్యంగా మాట్లాడుకుంటున్నాం. ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు పడుకుని ఉంటాయి. ప్రతి సిలిండర్‌కీ విడిగా ఒక హెడ్డు. హెడ్డుకి రెండు వాల్వులు. అంటే మొత్తం పన్నెండు. ఒక పక్కనున్న మూడు హెడ్లనీ కలుపుతూ పైన ఒకటే క్యామ్‌షాఫ్ట్ హౌసింగ్ కూర్చుంటుంది. హెడ్డు విప్పాలంటే ముందు ఇంజన్ కారులోంచి కిందికి దిగాల్సిందే. ఖర్చు కథ ఇక్కడే మొదలవుతుంది.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే

"ఈ పని ఇప్పుడు వదిలేస్తే, దీని కోసం మళ్ళీ ఇంజన్ దించాల్సి వస్తుందా?"

అవును అయితే కొలిపించండి. కొలత అనుమానంగా ఉంటే డబ్బు పెట్టండి, వెనకాడొద్దు. కాదు అయితే వాయిదా వేయండి, ఎంత ముచ్చటపడ్డా సరే.

కాలిఫోర్నియాలో ఉన్న ఒక తెలుగు జంట అంచనా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారనుకుందాం.

"ఎలాగూ విప్పారు కదా, మఫ్లర్ కూడా కొత్తది వేయించేస్తే పోతుంది."

"అది మార్చాలంటే మళ్ళీ ఇంజన్ దించాలా అండీ?"

"అక్కర్లేదు. కింద నుంచే విప్పి బిగించొచ్చు."

"అయితే వచ్చే ఏడాది చూద్దాం. మరి ఈ ఎగ్జాస్ట్ స్టడ్లు అని రాశారే, అవేమిటి?"

"హెడ్డులోకి బిగించి ఉంటాయి. తుప్పు పట్టాయి. తర్వాత తీయబోతే విరుగుతాయట."

"విరిగితే?"

"హెడ్డు బల్ల మీదికి రావాల్సిందే."

"అయితే అవి ఇప్పుడే చేయించేయండి."

ఆవిడకి వాల్వుల గురించి ఏమీ తెలియనక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు. మఫ్లర్, స్టడ్లు రెండూ ఎగ్జాస్ట్ సామానే అయినా రెండు వేరువేరు గంపల్లోకి వెళ్ళిపోయాయి.

విప్పక ముందే రోగం తేల్చండి

కొన్నిసార్లు ఇంజన్ దించాల్సిన అవసరమే ఉండదు. అది తేల్చుకోవడానికయ్యే ఖర్చు, దించడానికయ్యే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

మొదట పొగ చూడండి. వాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నప్పుడో, ఆ తర్వాత మళ్ళీ తొక్కినప్పుడో నీలం పొగ వస్తే ముందు వాల్వ్ గైడ్లను అనుమానించాలి. ఇంజన్ బాగా లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తూనే ఉంటే పిస్టన్ రింగుల వైపు చూడాలి. రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త పొగ వదిలితే మాత్రం కంగారుపడొద్దు. పడుకున్న సిలిండర్లలోకి కొంచెం ఆయిల్ చేరడం ఈ ఇంజన్లకు మామూలే.

రెండోది లీక్‌డౌన్ టెస్ట్. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టి, ఎంత కారిపోతోందో గేజ్‌లో చూస్తారు. గేజ్ కన్నా చెవి ఎక్కువ చెబుతుంది. సైలెన్సర్ గొట్టంలో 'స్‌స్' మంటే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి పీల్చుకునే వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. అయిదు సిలిండర్లు ఒకలా ఉండి ఒక్కటి తేడాగా ఉంటే రోగం ఇల్లు దొరికినట్టే.

ఇక్కడే ఒక మెలిక. వాల్వు కారుతోందని తేలగానే ఇంజన్ దించమని చెప్పేయకండి. ముందు టాపెట్లు సెట్ చేయించి మళ్ళీ టెస్ట్ చేయించండి. ఈ కార్లలో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ కూడా వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కీ మధ్య ఉండాల్సిన సందు 0.10 మిల్లీమీటర్. అది మరీ బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలి కారుతుంది. చాలా రోజులు కదలని కారులో అయితే వాల్వు కూర్చునే సీటు మీద చిక్కిన మసి కూడా ఆ పని చేస్తుంది. టాపెట్లు సరిచేసి, కారును నాలుగు రోజులు బాగా నడిపి, మళ్ళీ కొలవండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

టాపెట్ల చప్పుడు గురించి కూడా చాలామందికి తలకిందుల అభిప్రాయం ఉంది. టకటకలాడితే భయపడతారు, నిశ్శబ్దంగా ఉంటే సంతోషిస్తారు. సందు ఎక్కువైన వాల్వు చప్పుడు చేసి మిమ్మల్ని పిలుస్తుంది. సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి జరిగి సందు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. చడీచప్పుడూ లేకుండా కాలిపోయేది ఆ వాల్వే.

గైడు ముందు, సీటు తర్వాత

ఇంజన్ దిగింది, హెడ్లు బల్ల మీదికి వచ్చాయి. ఇప్పుడు లోపల జరిగేదేమిటో తెలిస్తేనే బిల్లులో ఏ వరస ఎందుకుందో అర్థమవుతుంది.

ఇంజన్ 6,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దాని కాడ మందం దాదాపు 9 మిల్లీమీటర్లు. అది జారే గొట్టమే గైడు. రాకర్ ఆర్మ్ వాల్వును తిన్నగా కిందికి నొక్కడంతో ఆగదు, ప్రతిసారీ కాస్త పక్కకి కూడా నెడుతుంది. అందుకే గైడు లోపల గుండ్రంగా అరగదు, రెండు కొసల్లోనూ గంట మూతిలా విచ్చుకుంటుంది. వేడి ఎక్కువ కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గైడ్లు ముందు పోతాయి.

పోయిందో లేదో మీ కళ్ళతోనే చూడొచ్చు. మెషీన్ షాపువాళ్ళు స్ప్రింగులు తీసేసి, వాల్వును సీటు మీద నుంచి కొంచెం పైకెత్తి, అంచుకి డయల్ గేజ్ ఆనించి, అటూ ఇటూ ఊపుతారు. ముల్లు ఎంత కదిలిందో కాగితం మీద రాస్తారు. ఆ ఊపేటప్పుడు మీరు పక్కనుంటే చాలా మంచిది. వేలితో ఊపినప్పుడే కదలిక తెలిసిపోతుంటే వాదన అక్కడితో ముగిసింది.

గైడు లూజైతే ఆయిల్ తాగడం ఒక్కటే నష్టం కాదు. ఎగ్జాస్ట్ వాల్వుకు అంటుకున్న వేడిలో చాలా భాగం అది సీటు మీద కూర్చున్న క్షణాల్లో హెడ్డులోకి దిగిపోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కాడ మీదుగా గైడులోకి వెళ్తుంది. గైడు లూజైన వాల్వు ప్రతిసారీ ఒక్కో చోట వంకరగా కూర్చుంటుంది, వేడి దిగే రెండు దారులూ ఒకేసారి చెడతాయి. ఎక్కడో సన్నటి సందు మిగులుతుంది. మంట ఆ సందులోంచి దూసుకెళ్ళి వాల్వు అంచును గ్యాస్ కటింగ్ చేసినట్టు కోసేస్తుంది. 'వాల్వు కాలిపోయింది' అంటే అదే.

పాత గైడు తీసి కొత్తది బిగించాక రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి రీమింగో హోనింగో చేస్తారు. ఆ తర్వాతే సీటు కటింగ్. సీటు కోసే పనిముట్టుకి ఆధారం గైడులోకి దిగే పైలట్ కడ్డీ. పాత గైడు ఏ వంకన ఉంటే సీటూ ఆ వంకనే తెగుతుంది. కొత్త గైడు వేసి సీటు కోయకపోతే సగం పనే చేసినట్టు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ హెడ్డు పని చేసే మేస్త్రీకైనా, స్టట్‌గార్ట్‌లో 911 పని చేసే నిపుణుడికైనా ఈ వరసే.

సీటు మధ్య పట్టీ 45 డిగ్రీల్లో ఉంటుంది. దానికి పైనా కిందా వేరే కోణాల్లో కోసి ఆ పట్టీని కావలసిన వెడల్పుకి, కావలసిన చోటికి తెస్తారు. సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి వాల్వు అంచుకి పల్చగా నీలం రంగు పూసి, సీటు మీద ఒక్కసారి ఆనించి తీస్తారు. చుట్టూ ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పుతో నీలం గీత పడాలి. ఒక చోట గీత పల్చబడినా ఆ హెడ్డు మళ్ళీ మెషీన్ మీదికెక్కాలి. ఆ పన్నెండు గీతలకీ ఫోటోలు అడగండి. మంచి షాపు సంతోషంగా ఇస్తుంది.

సీటు కోస్తే వాల్వు కొంచెం లోతుకి దిగుతుంది, కాడ కొస వెనక్కి పొడుచుకొస్తుంది, స్ప్రింగు ఆ మేరకు సాగి బలం తగ్గుతుంది. అందుకే స్ప్రింగు కింద బిళ్ళలు వేసి ఎత్తు సరిచేస్తారు. బిల్లులో 'షిమ్స్' అని కనిపించేది ఇదే. చిన్న మొత్తమే కదా అని దాన్ని కొట్టేయించకండి.

పన్నెండో ఎక్కం

పూర్తి ఇంజన్ రీబిల్డ్ అమెరికాలో ఐదంకెల డాలర్ల వ్యవహారం. అందులో హెడ్ల పని చిన్న భాగమే అయినా బేరం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. బేరమాడే ముందు పన్నెండో ఎక్కం గుర్తుంచుకోండి. వాల్వులు పన్నెండు, గైడ్లు పన్నెండు, సీట్లు పన్నెండు. వాల్వుకి లోపలొకటి, బయటొకటి రెండేసి స్ప్రింగులు కాబట్టి అవి ఇరవై నాలుగు. వాల్వును పట్టి ఉంచే కాటర్ ముక్కలూ ఇరవై నాలుగే.

లెక్క కోసం అనుకుందాం: వాల్వు దగ్గర మంచి పనికీ చవక పనికీ 50 డాలర్ల తేడా ఉంది. పన్నెండుతో గుణిస్తే 600. ఈ 600 మిగిల్చిన పని రెండేళ్ళలో పాడైతే మళ్ళీ ఇంజన్ దించడం, హౌసింగులు విప్పడం, గ్యాస్కెట్లు మార్చడం, టైమింగ్ చెయిన్ సెట్ చేయడం, ఎక్కించడం. ఇవన్నీ పాత వాల్వుకీ కొత్త వాల్వుకీ ఒకే కూలి. వాల్వుల పనిలో పొదుపు చేయకూడదని పాతకాపులు చెప్పడానికి కారణం మోజు కాదు, ఈ కూలి లెక్కే.

అలాగని పన్నెండూ కొత్తవే వేయించాలని కాదు. ఇన్‌టేక్ వాల్వులు చల్లటి గాలి తగులుతూ పనిచేస్తాయి కాబట్టి కాడ అరగకపోతే, అంచు మందం తగ్గకపోతే గ్రైండింగ్ చేసి మళ్ళీ వాడొచ్చు. ఎగ్జాస్ట్ వాల్వుల విషయం వేరు. వీటి కాడ బోలుగా ఉండి లోపల కొంత సోడియం ఉంటుంది. 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరిగి, వాల్వు ఊగినప్పుడల్లా పైకీ కిందికీ చిమ్ముతూ తల దగ్గరి వేడిని కాడ దాకా మోసుకొస్తుంది. ఎన్ని మైళ్ళు తిరిగిందో తెలియని పాత సోడియం వాల్వు తల ఊడిందంటే పిస్టన్, హెడ్డు రెండూ పోతాయి. కాబట్టి ఆరు ఎగ్జాస్ట్ వాల్వులు కొత్తవి, ఆరు ఇన్‌టేక్ వాల్వులు కొలత చెప్పినట్టు. చాలామంది అనుభవజ్ఞులు తేల్చేది ఇదే. పాత సోడియం వాల్వును లోపల ఏముందో చూద్దామని ఇంట్లో కోయడం మాత్రం వద్దు. సోడియంకి నీళ్ళు తగిలితే మంటలే.

గైడు లోపల గరుకు గాళ్ళు తిప్పి పాతదాన్నే బిగువు చేసే 'నర్లింగ్' అనే చవక పద్ధతి ఒకటుంది. ఆ మాట వినిపిస్తే మన ప్రశ్న వేయండి. త్వరలోనే మళ్ళీ ఇంజన్ దించాల్సి వస్తుంది. వద్దని చెప్పేయండి.

హెడ్లు తీస్తే బయటపడేవి

ఎస్‌సీ, కరేరా 3.2 ఇంజన్లలో సిలిండర్నీ హెడ్డునీ క్రాంక్‌కేసుకి పట్టి ఉంచే పొడవాటి స్టడ్లలో కింది వరస 'డిలవార్' అనే మిశ్రలోహంతో చేసినవి. ఇవి విరిగిపోతాయన్నది ఈ కార్లవాళ్ళందరికీ తెలిసిన సంగతి. ఒక్కోసారి వాల్వ్ కవర్ తీయగానే విరిగిన ముక్క, నట్టుతో సహా చేతిలోకి వస్తుంది. హెడ్లు దిగి ఉన్నప్పుడు వీటిని మార్చడం సులువు, తర్వాత మార్చాలంటే మొత్తం మొదటికే. ఇది నిస్సందేహంగా 'ఇప్పుడే' గంప.

క్యామ్ లోబ్‌లు, రాకర్ల ముఖాలు గుంటలు పడ్డాయేమో చూడాలి. ఎస్‌సీ అయితే టైమింగ్ చెయిన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్లు ఎలా ఉన్నాయో అడగండి. 1984 నుంచి కంపెనీ ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే టెన్షనర్లు పెట్టింది. పాతవి చతికిలబడి చెయిన్ పళ్ళు దాటితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఈ అధ్యాయంలో మీరు పెట్టిన ఖర్చంతా ఒక్క క్షణంలో వంగిపోతుంది.

క్లచ్ సంగతి? ఇంజన్, గేర్ బాక్స్ కలిసే దిగుతాయి కాబట్టి క్లచ్ మార్చాలంటే మళ్ళీ దించాల్సిందే. డిస్క్ మందం కొలిపించండి. సగానికి పైగా అరిగితే ఇప్పుడే మార్చండి. ఆర్నెల్ల కిందటే మార్చి ఉంటే దాని జోలికి వెళ్ళకండి. 'మళ్ళీ దించాలా' అన్న ప్రశ్నకి అవునని జవాబు వచ్చినంత మాత్రాన మార్చేయమని అర్థం కాదు. కొలవమని అర్థం.

పెద్ద బిల్లు పక్కన చిన్న అంకెలు

ఐదంకెల అంచనా కాగితం ముందున్నప్పుడు 500 డాలర్లు చిల్లరలా కనిపిస్తాయి. అదే 500ని మామూలు రోజున ఖర్చుపెట్టాలంటే వారం ఆలోచిస్తాం. పెళ్ళి పందిట్లో, ఇల్లు కట్టేటప్పుడు, ఇంజన్ దిగినప్పుడు మన మనసు ఇలాగే మోసపోతుంది. దీనికి మందు, వాయిదా వేయదగ్గ వస్తువును బిల్లులోంచి బయటికి లాగి విడి కాగితం మీద రాసుకోవడం: "మఫ్లర్, 500 డాలర్లు, వచ్చే ఏడాది." కారు రోడ్డెక్కాక ఆర్నెల్లకి ఆ కాగితం తీస్తే అందులో సగం కోరికలు వాటంతటవే చల్లారిపోయి ఉంటాయి. మిగిలినవి నిజంగా కావలసినవి, నిశ్చింతగా కొనుక్కోండి.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి. లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి. టాపెట్లు సెట్ చేయించాక మళ్ళీ చేయించండి. రెండు కాగితాలూ దాచండి.

రెండు. అంచనా రెండు షాపుల్లో అడగండి. మొత్తం అంకె పోల్చకండి, వరస వరస పోల్చండి. గైడ్లు ఉండి సీటు కటింగ్ లేకపోతే తక్కువ అంకె చూసి సంబరపడొద్దు. గ్యాస్కెట్లు, షిమ్‌లు, ఇంజన్ దించి ఎక్కించే కూలి అందులో కలిసి ఉన్నాయో లేవో రాతపూర్వకంగా తీసుకోండి.

మూడు. కాగితాన్ని మూడు గళ్ళు చేయండి: ఇప్పుడే, కొలిచాక, తర్వాత. ప్రతి పనినీ మన ప్రశ్న వేశాకే గడిలో రాయండి. ఇంజన్ దిగాక కొత్త పని ఏది మొలిచినా ఒక రాత్రి ఆగి, అదే ప్రశ్న వేసి, అప్పుడు ఒప్పుకోండి.

నాలుగు. అంచనా మీద నాలుగో వంతు సొమ్ము విడిగా పెట్టండి. అది విరిగిన స్టడ్ల కోసం, గుంటలు పడ్డ క్యామ్ కోసం. పౌడర్ కోటింగ్ కోసం కాదు.

ఐదు. హెడ్లు తిరిగి వచ్చేటప్పుడు కొలతల కాగితం అడగండి: పన్నెండు గైడ్ల సందు, సీట్ల వెడల్పు, బిగించిన ఎత్తులో స్ప్రింగుల బలం, ఆరు హెడ్ల మందం. ఒక పక్క మూడు హెడ్ల మీద ఒకటే హౌసింగ్ కూర్చుంటుంది కాబట్టి ఆ మూడింటి మందం ఒకేలా ఉండాలి. ఏ ఒక్కదాన్ని చెక్కినా మిగతా రెండూ చెక్కాల్సిందే.

ఆ కాగితం లేకుండా ఆఖరి వాయిదా డబ్బు కట్టకండి. రేపు కారు అమ్మాల్సి వచ్చినా, విషయం తెలిసిన కొనుగోలుదారు మొదట అడిగేది మెరిసే రేకుల గురించి కాదు, లోపల ఏం చేయించారు, కొలతలేవి అనే. మీరు మిగిల్చిన డబ్బుకీ, పెట్టిన డబ్బుకీ సాక్ష్యం చెప్పేది ఆ ఒక్క కాగితమే.